కొండ మీద ఒక రాత్రి: తిరుమల మెట్లదారా, తలకోనా, హార్స్లీ హిల్సా, మామండూరా?

తిరుపతిలో ఏ మేడ ఎక్కినా ఉత్తరం దిక్కున కొండే కనిపిస్తుంది. అయినా "కాస్త నడిచి కొండెక్కుదాం, రాత్రికి పైనే పడుకుందాం, పొద్దున్నే దిగొచ్చేద్దాం" అని ఇంట్లో ఒకరు అనగానే పంచాయితీ మొదలవుతుంది. బావమరిది తలకోన అంటాడు. అత్తగారు "కొండకేగా, తిరుమలకే పోదాం" అంటుంది. ఆఫీసు కుర్రాడెవడో నాగలాపురంలో టెంట్ వేద్దామంటాడు. వాట్సాప్ గ్రూపులో వారం పాటు తర్జనభర్జన పడి, చివరికి అందరూ సినిమాకి పోతారు.

ట్రెక్కింగ్ అలవాటు లేనివాళ్ల కోసం రాస్తున్నాను. రెండు మూడు గంటలు నడవగలరు, అంతకు మించి సాహసాలు వద్దు. రాత్రికి ఒక కప్పు, ఒక తలుపు, బాత్రూమ్, వేడి అన్నం ఉంటే చాలు. అలాంటివాళ్లకి తిరుపతి నుంచి వెళ్లదగ్గ చోట్లు నాలుగున్నాయి. ఐదోది, ఆ నాగలాపురం టెంట్, ఎందుకు వద్దంటానో కూడా చెప్తాను.

## ముందుగా చూసుకోవాల్సినవి

అందరూ మొదట అడిగేది "ఎంత దూరం నడవాలి?" అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. మొదటిది, చీకటి పడేసరికి మనం ఎక్కడుంటాం అన్నది.

శేషాచలం ఊరి పక్కనే ఉందని మనకి చనువెక్కువ. కానీ అది 1989లో జాతీయ పార్కుగా, 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించిన అడవి. 2023 ఆగస్టులో అలిపిరి మెట్లదారిలో రాత్రిపూట ఆరేళ్ల పాప చిరుతకు బలైంది. ఆ తర్వాతే టీటీడీ మధ్యాహ్నం రెండు దాటితే పన్నెండేళ్లలోపు పిల్లల్ని నడకదారిలోకి వదలకూడదని, పెద్దవాళ్లయినా గుంపుగానే నడవాలని నిబంధనలు పెట్టింది. 2025 శివరాత్రి ముందు ఓబులవారిపల్లె మండలంలో అడవి దారిన గుండాలకోనకు నడిచి వెళ్తున్న భక్తుల మీద ఏనుగులు పడితే ముగ్గురు చనిపోయారు. అప్పటికింకా తెల్లవారలేదు. రెండు చోట్లా మనుషులు చీకట్లో అడవిలో ఉన్నారు. అందుకే నడక ఎంత తేలికైనా సరే, మధ్యాహ్నం మూడు నాలుగు గంటలకల్లా ముగిసిపోవాలి. ఆ మీదట మీరుండే చోటికి గోడలుండాలి. ఈ ఒక్క షరతు పెట్టుకుంటే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

రెండోది మోకాళ్లు. ఎక్కడం ఊపిరికి పరీక్ష, దిగడం మోకాళ్లకి పరీక్ష. ఎక్కేటప్పుడు "నాకేం, బాగానే ఉన్నా" అన్న మనిషే దిగేటప్పుడు ప్రతి పది మెట్లకీ పిట్టగోడ పట్టుకుంటాడు. దిగడానికి బస్సుందా లేదా అన్నది ఇంట్లో పెద్దవాళ్లుంటే నడక దూరం కంటే ముఖ్యం.

మూడోది కాలం. మనకి అసలు వాన నైరుతిలో కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో పడుతుంది. జలపాతాలు నిండేదీ అప్పుడే, కొండచరియలు జారేదీ అప్పుడే. 2021 నవంబరు వానలకి శ్రీవారి మెట్టు దారి దెబ్బతింటే మళ్లీ తెరిచేసరికి 2022 మే వచ్చింది. ఫిబ్రవరి చివరి నుంచి ఆకులు రాలి, గడ్డి ఎండి, అడవికి నిప్పు భయం. 2014 మార్చిలో తిరుమల అడవి అంటుకుంటే ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా ఎటు పోయినా ఇబ్బంది ఉండదు.

ఇక గది దొరకడం, తిండి, ఖర్చు. ఇవి చోటుని బట్టి బాగా మారతాయి కాబట్టి ఎక్కడికక్కడ చెప్తాను.

| చోటు | తిరుపతి నుంచి | నడక | రాత్రి బస | భోజనం | దిగడానికి |
|---|---|---|---|---|---|
| తిరుమల, శ్రీవారి మెట్టు దారి | మెట్ల మొదటికి సుమారు 15 కి.మీ. | 2,388 మెట్లు, సుమారు 2 కి.మీ. | ఉచిత వసతి సముదాయాలు, అద్దె గదులు | ఉచిత అన్నప్రసాదం, హోటళ్లు | బస్సు |
| తిరుమల, అలిపిరి దారి | ఊళ్లోనే | సుమారు 3,550 మెట్లు, 9 కి.మీ. | పైదే | పైదే | బస్సు |
| తలకోన | 50-60 కి.మీ. | గుడి నుంచి జలపాతానికి రాతిదారి, గంటలోపు | అటవీ శాఖ గెస్ట్‌హౌస్, టూరిజం హోటల్ | క్యాంటీన్, ముందే చెప్పాలి | నడకే, కానీ తక్కువ |
| హార్స్లీ హిల్స్ | సుమారు 145 కి.మీ. | పైదాకా రోడ్డే, పైన షికారు నడక | టూరిజం రిసార్ట్, మరికొన్ని బసలు | రెస్టారెంట్ | బస్సు, కారు |
| మామండూరు | సుమారు 20 కి.మీ. | అడవి దారి, సిబ్బందితో | అటవీ శాఖ గెస్ట్‌హౌస్ | ముందే మాట్లాడుకోవాలి | నడకే, దాదాపు చదును |

## తిరుమల: ఎక్కి, తిని, హాల్లో పడుకోవడం

ఆల్ప్స్ కొండల్లో నడిచేవాళ్లకి పైన గుడిసె లాంటి విడిదులుంటాయి. పెద్ద గదిలో వరసగా పడకలు, అందరికీ ఒకే వేళకి భోజనం, పెందలాడే నిద్ర, తెల్లారకముందే లేచి మళ్లీ నడక. అక్కడికి పోయొచ్చినవాళ్లు దాని గురించి గొప్పగా చెప్తుంటే నాకు తిరుమల వసతి సముదాయమే గుర్తొస్తుంది. నడిచి ఎక్కు, సామాను లాకర్లో పెట్టు, అన్నప్రసాదం తిను, హాల్లో చాప పరుచుకుని పడుకో. సముద్రమట్టానికి దాదాపు 850 మీటర్ల ఎత్తున, నయా పైసా తీసుకోకుండా. ఇన్నేళ్లుగా మన ముంగిట్లోనే ఉన్నా దీన్ని కొండ మీద బసగా ఎవరూ లెక్కేయరు.

దారుల్లో ఏది? మొదటిసారైతే, మోకాళ్లు బాగుంటే శ్రీవారి మెట్టు. శ్రీనివాస మంగాపురం దాటి లోపలికి పోతే మొదలవుతుంది. చంద్రగిరి కోట వైభవంగా ఉన్న రోజుల్లో రాజులు ఈ దారినే ఎక్కేవారని చెప్తారు. మామూలు మనిషికి గంటన్నర, ఆగుతూ ఆగుతూ పోతే రెండు గంటలు. పొట్టి దారే కానీ ఎక్కడా చదునుండదు, మెట్టు మీద మెట్టు. చాలామంది చెప్పుల్లేకుండా ఎక్కుతారు. మెట్ల పూజ మొక్కుకున్న ఆడవాళ్లు ఒక చేత్తో పసుపు డబ్బా, ఇంకో చేత్తో కుంకుమ పట్టుకుని ప్రతి మెట్టుకీ వంగి బొట్టు పెడుతూ పోతుంటారు. ఆ పసుపు మీద చెమట కాలు పడితే సర్రున జారుతుంది. కాబట్టి మెట్టు నడిమధ్యన కాకుండా పక్కగా, కమ్మీ అందేలా నడవండి. సాయంత్రమయ్యేసరికి ఈ దారి మూసేస్తారు. భోజనం చేసి తీరిగ్గా బయల్దేరదామనుకునేవాళ్లకి ఇది కుదరదు.

అలిపిరి దారి పొడుగు, కానీ ఓపికమంతుల దారి. గాలిగోపురం దాకా గట్టి ఎక్కుడు, అక్కణ్నుంచి జింకల పార్కు మీదుగా చాలాసేపు నింపాది నడక, చివర్లో మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ నిలువు మెట్లు. మూడు నుంచి నాలుగు గంటలు. దారి పొడుగునా కప్పు, నీళ్లు, దుకాణాలు, మరుగుదొడ్లు. పదేళ్ల పిల్లలతో పోతే నేను దీన్నే చెప్తాను, పొద్దున ఐదారింటికి మొదలుపెట్టే పనైతే. మధ్యలో జింకలు కనిపిస్తాయన్న ఆశ ఒక్కటే వాళ్లని చాలా దూరం నడిపిస్తుంది. రెండు దారుల్లోనూ సామాను కిందే ఇచ్చేస్తే టీటీడీ వాళ్లే ఉచితంగా పైకి చేరుస్తారు. అరవై దాటినవాళ్లు, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు నడకదారిన రావద్దని టీటీడీ చెప్తూనే ఉంది. అలాంటి వాళ్లని బస్సెక్కించి, మీరు నడిచి, పైన కలుసుకోండి.

గదులు ఆన్‌లైన్‌లో నెలల ముందే అయిపోతాయి. అప్పటికప్పుడైతే పైన గదులు కేటాయించే సీఆర్వో ఆఫీసులో ఆధార్ చూపించి పేరు రాయించుకోవాలి. ఒంటరిగా వచ్చినవాళ్లు గది మీద ఆశ పెట్టుకోకుండా నేరుగా వసతి సముదాయానికి పోవడం మేలు. ఆ హాల్లో రాత్రి ఎలా ఉంటుందంటే, లైటు పూర్తిగా ఆరదు, పసిపిల్ల ఏడుపు ఆగదు. రెండు దాటగానే సుప్రభాతం వేళకి తయారయ్యేవాళ్ల బకెట్ల చప్పుడు మొదలవుతుంది. పక్క చాప మీద శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం, అటు పక్క సేలం నుంచి వచ్చినవాళ్లు. నిద్ర తక్కువే, కానీ భయం అన్నది ఉండదు. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకి ఈ జాబితాలో నేను నిశ్చింతగా చెప్పగలిగేది ఇదొక్కటే.

భోజనం గురించి చెప్పేదేముంది. 1985లో మొదలైన నిత్యాన్నదానం ఇప్పుడు తరిగొండ వెంగమాంబ పేరు మీదున్న కేంద్రంలో నడుస్తోంది. 2025 నుంచి ఉల్లి, వెల్లుల్లి లేని వడ కూడా వడ్డిస్తున్నారు. ఆకలితో కొండెక్కి వచ్చి ఆ పంక్తిలో కూర్చుంటే రసం అన్నానికి అంత రుచి ఎక్కణ్నుంచి వస్తుందో తెలీదు.

ఒక మాట మాత్రం చెప్పాలి. ఇది పిక్నిక్ స్పాట్ కాదు. మందు, మాంసం, సిగరెట్ మాట అక్కడ ఎత్తకూడదు. ప్లాస్టిక్ సీసా కూడా పనికిరాదు, స్టీలు బాటిల్ పట్టుకెళ్లాలి. నడిచి వచ్చినవాళ్లకిచ్చే దర్శనం టోకెన్ల పద్ధతి తరచూ మారుతుంది కాబట్టి ముందురోజే టీటీడీ వెబ్‌సైట్ చూసుకోండి. దర్శనం ధ్యాస లేకుండా కేవలం చల్లగాలి కోసం అయితే ఆ రద్దీలో మీకు చిరాకే మిగులుతుంది. మీ చోటు వేరే ఉంది.

## తలకోన: సాయంత్రం ఐదు తర్వాత

తలకోనకి పగలు పోయొచ్చినవాళ్లలో చాలామందికి అదంత నచ్చదు. ఆదివారం పూట జలపాతం కింద జనం, బండల మధ్య చిప్స్ కవర్లు, చేతిలో బన్ను కనిపిస్తే మీద పడే కోతులు. నిజమే. కానీ ఆ జనమంతా సాయంత్రం ఐదింటికల్లా వెళ్లిపోతారు. ఆ తర్వాత అక్కడ మిగిలేది బస చేసినవాళ్లూ, సిద్ధేశ్వరస్వామి గుడీ, అడవీ. తలకోనలో రాత్రి ఉండాలని నేననేది అందుకే.

రంగంపేట, భాకరాపేట మీదుగా దారి. భాకరాపేట ఘాట్ రోడ్డు మలుపుల్లో తొందర పనికిరాదు, అక్కడ పెద్ద ప్రమాదాలే జరిగాయి. భాకరాపేటలోనే పెట్రోలు, బిస్కెట్లు, టార్చి బ్యాటరీలు కొనుక్కోండి. తర్వాత నెరబైలు తప్ప పెద్ద ఊరు లేదు. ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం. దీన్ని కొందరు లోటంటారు, పిల్లల చేతిలో ఫోన్ చూసి విసిగిపోయిన తల్లులు వరమంటారు.

గుడి నుంచి జలపాతానికి నడక అరుగులూ బండలూ కలిసిన దారి. తిరుమల మెట్లతో పోలిస్తే ఇది నడకే కాదు, కాళ్లు సాగదీసుకోవడం. అయితే చూడాల్సింది దారి పక్కనే ఉంది. ఎర్రచందనం చెట్లుంటాయి, మొసలి వీపులాగా గళ్లుగళ్లుగా పగిలిన నల్లటి బెరడుతో. ఇంత పేరున్న చెట్టు ఇంత మామూలుగా ఉంటుందా అనిపిస్తుంది. మనిషి నడుమంత లావు గిల్లతీగ ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి, అక్కణ్నుంచి మరో చెట్టుకి పాకుతూ పోతుంది. మొదలెక్కడో వెతుక్కోమని పిల్లలకి చెప్తే అరగంట మీరు హాయిగా కూర్చోవచ్చు. జలపాతం దాదాపు 270 అడుగులు. వానలైన కొత్తలో, అంటే నవంబరు నుంచి జనవరి దాకా ధార నిండుగా ఉంటుంది. మే నెలలో పోతే తడిసిన రాయి చూసి రావాలి.

పైమడుగుల దాకా ఎక్కాలంటే స్థానిక గైడ్ లేకుండా వద్దు. మడుగుల్లోకి దూకడం అసలే వద్దు. నీళ్లు తేటగా కనిపిస్తాయి కానీ అడుగున బండలుంటాయి. దూకి లేవనివాళ్లున్నారు.

బసకి అటవీ శాఖ గెస్ట్‌హౌస్, టూరిజం శాఖ హోటల్ ఉన్నాయి. గదులు కొద్దే కాబట్టి బుకింగ్ లేకుండా బయల్దేరకండి. రాత్రి భోజనం ఎంతమందికో మధ్యాహ్నమే క్యాంటీన్‌లో చెప్పేస్తే కోడికూరో, పప్పన్నమో వేడిగా దొరుకుతుంది. చెప్పకుండా ఎనిమిదింటికి పోతే బిస్కెట్లే గతి. కరెంటు పోవడం మామూలు. గది శుభ్రం కూడా ఒక మోస్తరుగానే ఉంటుంది, సొంత దుప్పటి ఉంటే హాయి. చీకటి పడ్డాక కప్పల గోల, మధ్యలో ఏదో పిట్ట కూత, దాని వెనకాల నీళ్ల హోరు. కొత్తవాళ్లకి మొదటి గంట కాస్త టెన్షన్‌గానే ఉంటుంది. పొద్దున ఆరున్నరకి లేచి, ఇంకా ఏ బస్సూ రాకముందే జలపాతం దగ్గరికి పోయారంటే వచ్చిన పని అయినట్టే.

శివరాత్రికీ, కార్తీక సోమవారాలకీ మాత్రం వద్దు. గుడికి జనం పోటెత్తుతారు.

## హార్స్లీ హిల్స్: నడక తక్కువ, సుఖం ఎక్కువ

ఉమ్మడి చిత్తూరు జిల్లాకి ఊటీ అని పేరు. ఎత్తు 1,265 మీటర్లు, తిరుమల కంటే బాగా పైన. కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యు.డి. హార్స్లీ వేసవి విడిది కట్టుకున్నాడు కాబట్టి ఆ పేరు. అంతకు ముందు నుంచీ స్థానికులకి అది ఏనుగు మల్లమ్మ కొండే, మల్లమ్మ గుడి ఇప్పటికీ పైనే ఉంది.

నడిచి ఎక్కే సరదా ఉన్నవాళ్లకి ఇది ఆనదు. పైదాకా ఘాట్ రోడ్డు, మదనపల్లె నుంచి బస్సు, సుమారు 30 కి.మీ. పైకెళ్లాక గాలిబండ దాకా, గంగోత్రి చెరువు దాకా, నీలగిరి చెట్ల కింద అటూ ఇటూ నడక. గాలిబండ మీద గాలికి చీర కొంగు నిలవదు, టోపీ అసలే నిలవదు. సూర్యాస్తమయం చూసి గదికి నడిచి రావడం పది నిమిషాల పని. డెబ్బై ఏళ్ల నాన్నగారినీ, నెలల పాపనీ కలిపి తీసుకెళ్లగల చోటు ఈ నాలుగింటిలో ఇదే. గది బాగుంటుంది, వేడినీళ్లుంటాయి, తిండికి వెతుక్కోనక్కర్లేదు. వేసవిలోనూ పోవచ్చు, అసలు అప్పుడే ఎక్కువమంది పోతారు.

తగ్గేది ఎక్కడంటే దూరంలోనూ, డబ్బులోనూ. తిరుపతి నుంచి పీలేరు మీదుగా మూడు గంటలకు పైనే, మదనపల్లె దగ్గర టమోటా లారీల వెనక ఇరుక్కుంటే ఇంకాస్త. ఒక్క రాత్రికి ఇంత దూరమా అనిపిస్తే రెండు రాత్రులుగా వేసుకోవడం నయం. మదనపల్లెలోనో పీలేరులోనో ఉండేవాళ్లకి ఈ బాధ లేదు, వాళ్లు కళ్లు మూసుకుని దీన్నే ఎంచుకోవచ్చు.

## మామండూరు: దగ్గర, నిశ్శబ్దం

తిరుపతి నుంచి కడప వైపు పోయే దారిలో, రేణిగుంట-కోడూరు రైలు మార్గం పక్కనే. ఇంగ్లీషువాళ్ల కాలం నాటి అటవీ శాఖ గెస్ట్‌హౌస్, దాని చుట్టూ ఎర్రచందనం అడవి, లోపల వాగులు, మడుగులు. గదులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. దొరికితే అదృష్టం. పిట్టల్ని చూసేవాళ్లకి, గంటసేపు మాట్లాడకుండా కూర్చోగలిగినవాళ్లకి బాగా నచ్చుతుంది. పిల్లలకి ఆడుకోవడానికేమీ ఉండదు. అడవిలో నడక సిబ్బందితోనే. ఎర్రచందనం దొంగల బెడద వల్ల ఈ వైపు నిఘా ఎక్కువ, సొంతంగా లోపలికి పోతే మీరెవరో చెప్పుకోవడానికే రోజంతా పడుతుంది.

## నాగలాపురం టెంట్ సంగతి

ఫొటోలు బాగుంటాయి, ఒప్పుకుంటాను. పచ్చటి మడుగు, పక్కన టెంట్, చలిమంట. అడవిలో రాత్రి టెంట్ వేయాలన్నా, మంట పెట్టాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. "మేం చూసుకుంటాం" అన్నవాళ్లని అనుమతి కాగితం చూపించమనండి, మాట మారుస్తారు. పగలు పోయి సాయంత్రానికి వచ్చేయండి. రాత్రి అక్కడే ఉండాలనిపిస్తే కైలాసకోన దగ్గర టూరిజం హోటల్ ఉంది, పక్కనే చిన్న జలపాతం. పలమనేరు వైపు కౌండిన్య అడవి అంచున టెంట్ అని ఎవరైనా అంటే మాత్రం నవ్వి ఊరుకోండి. అక్కడి రైతులే రాత్రిళ్లు ఏనుగుల భయంతో కాపలా కాస్తుంటారు.

## మరి మీరెటు?

పన్నెండేళ్లలోపు పిల్లలున్న ఇల్లయితే తలకోన. ఆ పిల్లలు పోరుపెట్టే రకం కాకపోతే పొద్దున్నే అలిపిరి మెట్లు. పెద్దవాళ్లు వెంట ఉంటే హార్స్లీ హిల్స్, లేదా వాళ్లని బస్సులో పంపించి తిరుమల. కాలేజీ కుర్రాళ్లు జేబులో డబ్బుల్లేకుండా పోగలిగేది తిరుమల ఒక్కటే, కానీ రాత్రంతా పాటలూ కేకలూ కావాలంటే ఇక్కడున్న ఏ చోటుకీ పోవద్దు, అడవి జంతువులకీ నిద్ర కావాలి. కొత్తగా పెళ్లయినవాళ్లకి హార్స్లీ, అదీ వీకెండ్ కాకుండా. ఒక్కరే పోవాలనుకుంటే శ్రీవారి మెట్టు.

ఎటూ తేల్చుకోలేకపోతే నా ఓటు తలకోనకి. ఎక్కే తృప్తి తిరుమలంత ఉండదు, సుఖం హార్స్లీ అంత ఉండదు. కానీ అడవిలో ఒక రాత్రి గడిపామన్న మాట దక్కేది, తిరుపతి మనిషి శనివారం మధ్యాహ్నం బయల్దేరి ఆదివారం భోజనానికి ఇంటికొచ్చేయగలిగేది అక్కడే.

సంచీలో టార్చి, పలచటి దుప్పటి, స్టీలు బాటిల్, మోకాళ్లకి రాసుకునే మందు, ఒక పూటకి పులిహోర లేదా చపాతీల్లోకి ఊరిబిండి పెట్టుకుంటే ఏ చోటుకైనా సరిపోతుంది. తినేవి జిప్ ఉన్న సంచీలో అడుగున పెట్టండి, కోతులకి కవరు చప్పుడు దూరం నుంచే వినిపిస్తుంది. తిరుమలకైతే శనివారం, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులు తప్పించి మంగళ, బుధవారాల్లో పోండి. తలకోనకైతే ముందు గది దొరికిన తేదీ చూసుకుని, ఆ తర్వాతే ఆఫీసులో సెలవు పెట్టండి.